బడి కోసం వాడ ఖాళీ చేద్దామా?

(వేసవి సెలవుల్లో, బడులు తెరవడానికి ముందు, ప్రకాశం జిల్లాలో ఒక వాడ చావిడి కాడ జరిగిన సభలో ఆ వాడ బడి ఉపాధ్యాయుల తరఫున చేసిన ప్రసంగానికి రాతరూపం)



ఇది విగ్రహం తెరిచే సభ కాదు. ఎమ్మెల్యే రావడం లేదు. శాలువాలు లేవు. మైకు కూడా నిన్న పెళ్ళయిన ఇంటినుంచి అడిగి తెచ్చిందే. ఈ వేసవిలో మన వాడలో ఆరిళ్ళవాళ్ళు తాళాలేసి టౌనుకు పోవాలనుకుంటున్నారు. పని దొరక్క కాదు, అప్పులోళ్ళకు భయపడీ కాదు. పిల్లల చదువు కోసం. ఆ ఆరిళ్ళలో మన బళ్ళో చదివే పిల్లలు తొమ్మిది మంది. వాళ్ళలో ఒకమ్మ పోయిన నెల బడి కాడికొచ్చి టి.సి. అడిగింది. "యాడుంటే పిల్లకాయలకు చదువొస్తదో మీరే చెప్పండయ్యా, మీరు చదువుకున్నోళ్ళు గదా" అంది. మేం ఆమెకు జవాబు చెప్పలేకపోయాం. ఆ జవాబు ఒక్కళ్ళం చెప్పేది కాదు, పదిమందిలో తేల్చుకోవాల్సింది అనిపించి సంఘం తమ్ముళ్ళను పిలిచి ఈ సభ పెట్టమన్నాం.

ముందు మా సంగతి చెప్పి మాట్లాడితేనే న్యాయం. ఈ బళ్ళో ముగ్గురం పనిచేస్తున్నాం. ముగ్గురం దళితవాడల్లో పుట్టినవాళ్ళమే, ఎవరింట్లో చూసినా డిగ్రీ గడప తొక్కిన మొదటి మనుషులం మేమే. ముగ్గురం కాపురం ఉండేది టౌన్లో, ఇక్కడికి ఇరవై ఆరు కిలోమీటర్లు. పొద్దున బస్సెక్కుతాం, సాయంత్రం బస్సెక్కుతాం. గవర్నమెంటు మాకు ఇంటి అద్దె భత్యం ఇస్తది. ఆ అద్దె టౌన్లో ఇంటాయనకు పోతది. మా పిల్లలు టౌన్లో ప్రైవేటు బళ్ళో చదువుతున్నారు. అంటే, మీ బడిని నడిపేవాళ్ళం మా పిల్లల్ని మీ బళ్ళో వెయ్యలేదు. పిల్లల చదువు కోసం వాడ విడిచిన మొదటి ఇళ్ళు మావే. కాబట్టి "పోవద్దు" అని మీకు నీతులు చెప్పే అర్హత మాకు లేదు. ఉన్నదున్నట్టు మాట్లాడుకుందాం.

అసలు మన జాతికి ఎక్కడ ఉండాలో ఎంచుకునే హక్కు ఎప్పుడుంది? వాడ మనం ఎంచుకున్న చోటు కాదు. ఊరికి దిగువన, గాలి వాలున, నీళ్ళు నిలిచే పల్లాన మనల్ని పెట్టారు. ఆ తర్వాత గవర్నమెంటు ఇళ్ళ పట్టాలిచ్చినా, ఊరి మధ్య ఇచ్చిందా? చెరువు కట్ట కిందో, శ్మశానం పక్కనో ఇచ్చింది. మన అడ్రసు చెబితే కులం చెప్పినట్టే. ఇల్లు ఇట్టా ఉంటే బడి ఇంకెట్టా ఉంటది? 1866లో ఒంగోలులో కాపురం పెట్టిన క్లౌ దొర మిషను మాదిగ గూడేల్లో బడులు తెరిచింది. 1920ల్లో మద్రాసు గవర్నమెంటు లేబర్ శాఖ పేరుతో పంచముల వాడల్లో విడిగా బడులు పెట్టింది. ఎందుకు విడిగా? ఊరి బళ్ళో అడుగు పెట్టనియ్యలేదు గనుక. ఇప్పటికీ ఎన్నో బడుల బోర్డుల మీద 'ఎస్.సి. కాలనీ' అని రాసి ఉంటది. ఊరికొక బడి, వాడకొక బడి.

ఇల్లు మారలేని మనవాళ్ళు ఏం చేశారు? పిల్లల్నే మార్చారు. కామందులు చదువు కోసం కుటుంబంతో సహా ఒంగోలుకో గుంటూరుకో హైదరాబాదుకో పోతే, మనవాళ్ళు ఏడేళ్ళ పిల్లవాణ్ణి ఒక్కణ్ణే, ఒక రేకు పెట్టె ఇచ్చి సాంఘిక సంక్షేమ హాస్టల్లో దింపి వచ్చారు. మేం ముగ్గురం అట్టా పెరిగినవాళ్ళమే. మూడో తరగతిలో హాస్టలుకు పోతే పదో తరగతి అయిందాకా అమ్మ పక్కన పడుకున్న రాత్రులు లెక్కపెట్టుకోవచ్చు. 1971లో సర్వేలులో మొదటి గురుకులం తెరిచారు. 1984 నుంచి మన పిల్లలకని సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. వాటివల్ల వేలమంది పైకొచ్చారు, కాదనేదేముంది? అయితే ఆ సీటు పరీక్ష రాసి గెలిచినోళ్ళకే. గెలవని పిల్లలు ఎక్కడ చదువుతారు? వాడ బళ్ళోనే.

అంబేద్కర్ గారి నాయన సంగతి ఈ సందర్భంలో తల్చుకోవాలి. రాంజీ సక్పాల్ పట్టాళంలో సుబేదారుగా చేసి దిగినవాడు. కుటుంబం సతారాలో ఉండేది. అక్కడ బళ్ళో భీమ్‌రావు మిగతా పిల్లలకు దూరంగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద కూర్చునేవాడు. రాంజీ 1904 ప్రాంతంలో కుటుంబాన్ని బొంబాయికి మార్చాడు. పరేలులో మిల్లు కార్మికులుండే చాల్‌లో ఒక్క గది. దాంట్లోనే వంట, పొయ్యి, పడక, చదువు. కొడుకును సందెవేళ నిద్రపుచ్చి, జాము రాత్రి రెండు గంటలకు లేపి చదివించేవాడు. కొడుకును ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో వేశాడు. అది గవర్నమెంటు బడే! 1907లో భీమ్‌రావు మెట్రిక్ పాసయ్యాడు. కాబట్టి బడి కోసం చోటు మారడం తప్పని ఎవరైనా అంటే, రాంజీని తప్పు పట్టాల్సి వస్తది. ఆ పని మేం చెయ్యం. అయితే ఎల్ఫిన్‌స్టన్‌లో కూడా ఒకరోజు అయ్యవారు భీమ్‌రావును నల్లబల్ల కాడికి పిలిస్తే, బల్ల వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతయ్యని మిగతా పిల్లలు పరుగెత్తారు. బొంబాయి పోయినా కులం ముందే పోయి కూర్చోనుంది.

మరి మన పక్కటౌనులో కులం లేదనుకుంటున్నారా? మేం పదకొండేళ్ళ కింద ఇల్లు వెతుక్కున్నాం. మంచి హైస్కూలు ఉండే పాతపేటలో ఉందామని ఐదిళ్ళు చూశాం. గేటు తీసినాయన మొదట అడిగేది అద్దె సంగతి కాదు. "మీరేమిట్లు?" అంటాడు. జవాబు విన్నాక ఇల్లు అప్పటికప్పుడు వాళ్ళ తమ్ముడికి కావాల్సి వస్తది. ఒకచోట "శాకాహారులకు మాత్రమే" అని బోర్డు. ఒక ఇంటమ్మ మర్యాదగానే మంచినీళ్ళిచ్చింది, స్టీలు గ్లాసులో కాదు, ప్లాస్టిక్ గ్లాసులో. జీతగాళ్ళం, చేతిలో అడ్వాన్సు డబ్బు ఉంది, మెళ్ళో గవర్నమెంటు ఐ.డి. కార్డు ఉంది. అయినా చివరికి దొరికింది రైల్వే గేటు అవతల ఎస్.సి. కాలనీ అంచున. అంటే వాడలోంచి పోయి వాడలోనే పడ్డాం. మాకే అట్టాగైతే, మిరపకోతల డబ్బుతో పోయే మీకు పాతపేటలో ఇల్లెవరిస్తారు? బడిని చూసి ఇల్లు ఎంచుకుంటామని మనం అనుకుంటాం. ఇల్లే మనల్ని ఎంచుతది, ఆ ఇంటిని బట్టి బడి దొరుకుతది.

ఇంకో విడ్డూరం చెబుతాం. మన ఊరి కామందులు ఎప్పుడో ముప్ఫయ్యేళ్ళ కిందే పిల్లల్ని ఊరి బడినుంచి తీసేశారు. భూములు మన వాళ్ళకే కౌలుకిచ్చి టౌనుకు పోయారు. వాళ్ళ పిల్లలు కార్పొరేట్ కాలేజీల్లో చదివి అమెరికా పోయారు. అక్కడ ఇల్లు కొనేటప్పుడు ఏం చూస్తారో తెలుసా? ఆ పేటలో ఉన్న బడికి పదికి ఎన్ని మార్కులున్నయ్యో చూస్తారు. మంచి బడి ఉన్న పేటలో ఇల్లు ధర ఎక్కువైనా అప్పు చేసి కొంటారు. ఎందుకంటే ఆ పేటలో ఉన్నోళ్ళ పిల్లలకే ఆ బళ్ళో సీటు. ఆ బడి ఏం బడి? గవర్నమెంటు బడి! ఇక్కడ గవర్నమెంటు బడిని "కూలోళ్ళ బడి" అని ముక్కు మూసుకున్న మనుషులే అక్కడ గవర్నమెంటు బడి కోసం లక్షల డాలర్లు పోస్తున్నారు.

అక్కడేదో ధర్మరాజ్యమని మేం చెప్పడం లేదు. అక్కడ బడి ఖర్చులో పెద్దవంతు ఆ ప్రాంతం ఇళ్ళ మీద, ఆస్తుల మీద వేసే పన్నునుంచి వస్తది. ఖరీదైన ఇళ్ళున్న చోట ధనవంతమైన బడి, పేదల పేటలో పేద బడి. నల్లవాళ్ళు కొట్లాడితే 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు, తెల్లపిల్లలకొక బడి నల్లపిల్లలకొక బడి చెల్లదని తీర్పు చెప్పింది. తెల్లవాళ్ళు ఏం చేశారు? ఎంతోమంది ఇళ్ళమ్ముకొని ఊరవతల కొత్త పేటలకు పోయారు. బడి కలిసింది, మనుషులు విడిపోయారు. 1973లో టెక్సాస్ పేద తల్లిదండ్రులు, ఇళ్ళ పన్నును బట్టి బడి ఉండటం అన్యాయమని సుప్రీంకోర్టుకు పోతే ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు చేరి ఓడిపోయారు. ఒక్క ఓటు తేడా.

మన ఊళ్ళో జరిగింది దానికి దగ్గరగానే ఉంది. ఊరి పిల్లలు, మన పిల్లలు ఒక బళ్ళో కూర్చునే కాలం వచ్చేసరికి ఊరి పెద్దలు వ్యాన్ మాట్లాడుకున్నారు. ఊరిబడి మనకు దక్కింది. ఎప్పుడు? వాళ్ళకు అక్కర లేకుండా పోయాక. వాళ్ళ పిల్లలున్న రోజుల్లో మన పిల్లల్ని వెనక కూర్చోబెట్టినా అయ్యవారు తొమ్మిదింటికి వచ్చేవాడు. రాకపోతే ప్రెసిడెంటు అడిగేవాడు. ఇప్పుడు ఎవరడుగుతారు? మన మాటకు ఎం.ఇ.ఓ. ఆఫీసులో కుర్చీ వేస్తారా?

సరే, ఇప్పుడు మన లెక్కకొద్దాం. ఇది అందరూ జాగ్రత్తగా వినాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో ఒక షెడ్యూలుంది. ఒకటినుంచి ఐదు తరగతుల బళ్ళో అరవై మంది వరకు ఉంటే ఇద్దరు టీచర్లు. అరవై ఒకటినుంచి తొంభై వరకు ముగ్గురు. రాష్ట్రాలు రేషనలైజేషన్ పేరుతో ఎప్పటికప్పుడు వేరే లెక్కలు తెస్తుంటయి, అవి మారుతుంటయి. కానీ సూత్రం ఒకటే: తల తగ్గితే పోస్టు తగ్గుద్ది. మన బళ్ళో ఇప్పుడు అరవై నాలుగు మంది పిల్లలు. ఆ ఆరిళ్ళు పోతే తొమ్మిదిమంది పోతారు. యాభై ఐదు. మూడో టీచరు పోస్టు నిలవదు. ఇద్దరం ఐదు తరగతులు చూడాలి. ఒకరు శిక్షణకు పోయిన రోజు, ఒకరు ఎన్నికల పనికి పోయిన రోజు, ఒకరే. ఒకటో తరగతి పిల్ల అక్షరం దిద్దుతుంటే ఐదో తరగతి వాడు భాగహారం కోసం గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. అది చూసి వచ్చే ఏడాది ఇంకో నాలుగిళ్ళు పోతయి. చివరికి ఎవరు మిగులుతారు? అద్దె కట్టలేనోళ్ళు, మొగుడు లేని ఆడకూతురు, ముసలమ్మ దగ్గర వదిలేసిన వలసకూలీ పిల్లలు. మనలో మనమే ఇంకొక వాడ చేసుకున్నట్టయితది.

ఇది పోయే వాళ్ళ తప్పని మేం అనడం లేదు. 2022లో జి.ఓ. 117 వచ్చి ఎన్నో చోట్ల మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని దగ్గర్లో ఉన్న హైస్కూళ్ళలో కలిపినప్పుడు ఎవర్నడిగారు? మన పక్క వాడ పిల్లలు లారీలు తిరిగే రోడ్డు దాటి పోవాల్సి వచ్చింది. తల్లులు భయపడి కొందరు ప్రైవేటు వ్యాన్ ఎక్కించారు, ఒకరిద్దరు ఆడపిల్లల్ని మాన్పించారు. 2025లో ఆ జి.ఓ.ను రద్దు చేశారు. జి.ఓ. పోయింది గానీ వ్యాన్ ఎక్కిన పిల్లలందరూ తిరిగి రాలేదు.

పోయినోళ్ళ అనుభవం ఒకటి చెబుతాం. మా బంధువుల్లో ఒక కుటుంబం గుంటూరు పోయింది. ఆయన ఆటో తోలుతాడు, ఆమె మిరప తొడిమలు తీసే పనికి పోతది. రోజంతా ఆ ఘాటులో కూర్చుంటే రాత్రికి చేతులు మంట, పిల్లను ఎత్తుకోలేదు. ఒకటిన్నర గది, అద్దె నాలుగున్నర వేలు. ఇక్కడ కట్టెలు, ఆకుకూర, మంచినీళ్ళు కొననివి అక్కడ అన్నీ కొనాలి. ఉపాధి పనుల కార్డు ఇక్కడ, మనిషి అక్కడ. పిల్లల్ని ఇంగ్లీషు మీడియం అని రెండు గదుల కాన్వెంట్లో వేశారు. టై, బూట్లు, డైరీ, అన్నిటికీ డబ్బు. రెండేళ్ళయ్యాక చూస్తే పిల్లవాడు ఇంగ్లీషు పద్యం గడగడా చెబుతాడు, దానర్థం తెలీదు, తెలుగు పేపరు చదవలేడు. పాఠం చెప్పే అమ్మాయి ఇంటరు తప్పిన పిల్ల. ఫీజు కట్టలేక మూడో ఏడు మాన్పించి సందు చివర ఉన్న మున్సిపల్ బళ్ళో వేశారు. ఆ బళ్ళో తరగతికొక టీచరు, మరుగుదొడ్డికి తలుపు, తలుపుకు గడియ. పిల్లవాడు ఏడాదిలో కుదురుకున్నాడు. మొదటినుంచీ ఆ బడి అక్కడే ఉంది! ఇంటికి రెండొందల గజాల దూరం. గవర్నమెంటుదని దాంట్లోకి తొంగి కూడా చూడలేదు.

అందుకని పోవాలనుకున్నోళ్ళు ఇల్లు చూసేముందు బడి చూడండి. ఎట్టా చూడాలి? రంగుల గోడలు చూడొద్దు. పదకొండు గంటలప్పుడు చెప్పకుండా పోండి. ఎన్ని తరగతులు, ఎంతమంది టీచర్లు, అందులో ఎంతమంది లోపల ఉన్నారు? మూడో తరగతి పిల్లను పిలిచి, పుస్తకంలో లేని నాలుగు ముక్కలు, ఏ సబ్బు కాగితం మీదివో చదివించండి. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళున్నయ్యో, తాళం ఉందో చూడండి. తాళం ఉంటే దాని తాళంచెవి ఎవరి కాడుంటదో అడగండి. చీపురు ఎవరి చేతిలో ఉంది? రోజూ మన పిల్లల చేతిలోనే ఉంటే ఆ బడి మనకొద్దు. మధ్యాహ్నం అన్నం వేళ ఉండండి. 2003 జనవరినుంచి మన రాష్ట్రంలో బళ్ళో వండిన అన్నం పెడుతున్నారు. 2004లో సుప్రీంకోర్టు వంటవాళ్ళ నియామకంలో ఎస్.సి., ఎస్.టి. లకు ప్రాధాన్యం ఇవ్వమంది. వండేది ఎవరు, ఆ వంట ఎవరు తినకుండా ఇంటికి పోతున్నారు, పిల్లలు ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారు, ఇది చూస్తే ఆ బడి సంగతి సగం తెలిసిపోద్ది. తర్వాత హైస్కూలు ఎంత దూరమో చూడండి. ఐదు వరకు బాగుండి, ఆరుకు నాలుగు కిలోమీటర్లు నడవాలంటే ఆడపిల్ల పెద్దమనిషి అయిన ఏడు చదువు ఆగుద్ది. మన వాడలో ఆగిన ఆడపిల్లల పేర్లు ఇక్కడ కూర్చున్న తల్లులకు తెలుసు, మేం చెప్పక్కర్లేదు.

ప్రైవేటు బళ్ళలో నాలుగో వంతు సీట్లు ఉచితమని విన్నారు గదా. చట్టంలో ఉంది. మన రాష్ట్రంలో 2022-23 నుంచి అమలు మొదలెట్టారు. ఆ ఇరవై ఐదు శాతంలో పది శాతం ఎస్.సి. లకు. అయితే బడికి ఒక కిలోమీటరులోపు ఉన్నోళ్ళకు ముందు, ఆ తర్వాత మూడు కిలోమీటర్లలోపు వాళ్ళకు. మన వాడనుంచి మూడు కిలోమీటర్లు ఏ దిక్కు పోయినా ప్రైవేటు బడి లేదు, పొలాలే. ఇక్కడ కూడా అడ్రసే అడ్డం. టౌన్లో ఉన్న మనోళ్ళు మాత్రం దరఖాస్తు పెట్టాలి, వదలొద్దు. మరో సంగతి: చట్టంలో ఐదో సెక్షను ప్రకారం టి.సి. అడిగితే హెడ్‌మాస్టరు వెంటనే ఇవ్వాలి. టి.సి. రావడం ఆలస్యమైందని కొత్త బళ్ళో చేర్చుకోకపోవడం కుదరదు. మిరపకోతలకు, ఇటుక బట్టీలకు పోయే తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. మేం కూడా ఎవరికీ టి.సి. ఆపం.

సంఘం తమ్ముళ్ళతో ఒక మాట. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురిని చంపితే మనవాళ్ళు చీరాల చేరి, తిరిగి ఆ ఊరు పోమన్నారు. ఊరు విడవడం కూడా పోరాటమేనని నేర్పింది వాళ్ళు. దాన్ని మేం తలకెత్తుకుంటాం. కానీ ఇవాళ తన్ని తరిమేవాడు లేకుండానే వాడలు ఖాళీ అవుతుంటే మనమేం చేస్తున్నాం? ప్రతి వాడలో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నాం, పెట్టుకోవాలి. మన విగ్రహం వేలు చూపిస్తున్నది బడివైపా, బస్టాండువైపా? పోయి చూడండి, బస్టాండువైపే. ఇన్నేళ్ళలో సంఘం తరఫున ఒక్కరైనా బడి హాజరు పుస్తకం చూపించమని మమ్మల్ని అడిగారా? 1850ల్లో ఫూలే పూణెలో మహర్ మాంగుల పిల్లలకు బడి పెట్టాడు. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు బస్తీల్లో బడులు నడిపాడు. వాళ్ళు బడిని మన దగ్గరకు తెచ్చారు. వచ్చిన బడిని నిలబెట్టుకునే పని మనది.

బడి యాజమాన్య కమిటీ అని ఒకటుంది. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతులు పిల్లల తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. బడికి ఏం కావాలో ప్లాను రాసేది వాళ్ళే. మన కమిటీ ఛైర్మన్ అక్క ఇక్కడే కూర్చోనుంది. ఆమె కూలినుంచి వచ్చేసరికి మేం బస్సెక్కి పోయుంటాం. అందుకని పిల్లవాడి చేత పుస్తకం ఇంటికి పంపి సంతకం పెట్టించుకున్నాం. ఇంతవరకు జరిగింది ఇది. ఆ పుస్తకంలో రాసిన తీర్మానాలేంటో ఆమెకు తెలియదు. తప్పు మాది.

ఇక ఆ జవాబు చెప్పలేని రోజు సంగతి. టి.సి. అడగనొచ్చినామెకు మేం ఉన్న లెక్కంతా చెప్పాం, అరవై నాలుగు, యాభై ఐదు, పోస్టు, అంతా. ఆమె వింది. వెనక ఆమె అత్త, ముసలామె, గడప మీద కూర్చోనుంది. "నువ్వు చెప్పే బడి నీ బిడ్డకు పనికిరాకపోతే నా మనవడికెట్టా పనికొస్తదయ్యా?" అంది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. 2015లో అలహాబాద్ హైకోర్టు, గవర్నమెంటు జీతం తీసుకునేవాళ్ళు తమ పిల్లల్ని గవర్నమెంటు బళ్ళోనే చదివించాలని చెప్పింది. ఆ తీర్పు పేపర్లో చదివి మేం స్టాఫ్ రూములో చప్పట్లు కొట్టినవాళ్ళమే. అది అమలు కాలేదు. అమలు చెయ్యమని మేమూ అడగలేదు.

ఆ రాత్రి మా ఇళ్ళల్లో పెద్ద గొడవలే జరిగాయి. "మనం హాస్టళ్ళలో పురుగులన్నం తిని చదువుకుంది, మళ్ళీ పిల్లల్ని వాడకు పంపడానికా?" అని మా ఇంట్లో అడిగారు. ఆ మాటలో కూడా న్యాయముంది. పెద్దపిల్లలు తొమ్మిది, పది తరగతుల్లో ఉన్నారు, వాళ్ళను ఇప్పుడు కదపలేం. ముగ్గురిలో ఇద్దరికి చిన్నపిల్లలున్నారు. మూడో తరగతి ఒకరు, ఒకటో తరగతి ఒకరు. వాళ్ళిద్దర్నీ ఈ జూన్‌లో ఇక్కడ చేరుస్తున్నాం. మాతోపాటు బస్సులో వస్తారు, మీ పిల్లల పక్కన కూర్చుంటారు, ఆ అన్నమే తింటారు. ఇదేదో త్యాగమని చప్పట్లు కొట్టొద్దు. ఇరవై ఆరు కిలోమీటర్లు రోజూ పసిపిల్లలు తిరగడం ఎన్నాళ్ళు సాగుతుందో మాకూ బెంగగానే ఉంది. వాడలో ఇల్లు అద్దెకు దొరికితే చూడమని మాలో ఒకరు ఇప్పటికే అడిగి ఉన్నారు. ఖాళీ అవుతున్న ఆరిళ్ళలో ఒకటి మాకిచ్చినా సరే!

ఆరిళ్ళతో మాట్లాడాం. రెండిళ్ళవాళ్ళు పోవడం ఖాయం, వాళ్ళకు అక్కడ పని కుదిరింది. వాళ్ళ పిల్లలు ముగ్గురు. టి.సి. లు రాసి పెట్టాం, సభ అయ్యాక తీసుకుపోండి. ఆ టౌన్లో చూడదగ్గ మున్సిపల్ బడులు రెండు కాగితం మీద రాసి ఇస్తాం. మిగతా నాలుగిళ్ళు ఒక్క ఏడు చూస్తామన్నారు. అరవై నాలుగులోంచి మూడు తీస్తే అరవై ఒకటి. మా ఇద్దరు కలిస్తే అరవై మూడు. ఐదో తరగతి అయ్యి పోయేవాళ్ళు, ఒకటిలో చేరేవాళ్ళు ఎటూ ఉంటారు. కాబట్టి ఈడొచ్చిన పిల్ల ఏ ఇంట్లో ఉన్నా ఒక్కరు కూడా మిగలకూడదు.

జూన్ 12న బడి తెరుస్తారు. ఆ రోజు కూలి మానక్కర్లేదు. కమిటీ సమావేశం సాయంత్రం ఆరున్నరకు, మీరు చేలనుంచి వచ్చాక, ఈ చావిడి కాడే పెడతాం; మేం ఆ రోజు చివరి బస్సుకు పోతాం. పాత తీర్మానాల పుస్తకం తెచ్చి మొదటి పేజీనుంచి చదివి వినిపిస్తాం. ఏది మీరు చెప్పనిది ఉందో అది కొట్టేద్దాం. మరుగుదొడ్డి నీళ్ళ మోటారు పాడై రెండేళ్ళయింది, దాని అర్జీ మీద ముందు సంతకాలు కావాలి. ఛైర్మన్ అక్కా, ఈసారి పుస్తకం ఇంటికి రాదు, నువ్వే రావాలి.

జై భీమ్.